పగిలిన పాత్రకు బాధ్యులెవరు?

గృహమునకు ప్రాణము వంటయిల్లు. ధనవంతుడైనను దినకూలియైనను, పొయ్యి రాజని నాడు వాని యింట సుఖము లేదు. అట్టి వంటయింటిలో నిప్పుమీద, మూత బిగించి, ఆవిరి నింపి యుంచు పాత్ర యొకటి నేడు దాదాపు ప్రతి యింట నున్నది. దానిని కుక్కరని మనమందరము పిలుచుచున్నాము. అది ప్రేలి గృహిణి ముఖము కాలిన వార్త పత్రికలలో నొక మూల నాలుగు పంక్తులలో వచ్చును. మరునాటికి మరుగున పడును. ఆ వార్త విన్నవారి నోట వెలువడు మొదటి మాట "ఆమె కర్మము". రెండవ మాట "చూచుకొనవలదా?" ఆ పాత్రను చేసినవా డెవడు, అమ్మినవా డెవడు, వారు చెప్పవలసిన సమాధాన మేమి యను మూడవ మాట మాత్రము అరుదుగా వినబడును. ఈ మూడవ ప్రశ్నయే మొదటి ప్రశ్న కావలెననుట నా వాదము.

ముందుగా ఆ పాత్ర స్వభావమును తెలిసికొందము. తెరచియున్న గిన్నెలో నీరు 100 డిగ్రీల వేడిమికి మరగును. ఎంత మంట పెట్టినను అంతకుమించి వేడెక్కదు. మూత బిగించి ఆవిరిని పోనీయక యాపినచో లోపలి యొత్తిడి పెరిగి, నీరు సుమారు 120 డిగ్రీలవరకు వేడెక్కును. అందుచేతనే కందిపప్పు త్వరగా నుడుకును, గ్యాసు కలిసివచ్చును. కాని యా సౌకర్యముతోపాటు వచ్చు బలమును చూడుడు. బయటి గాలి యొత్తిడికి అదనముగా, ప్రతి చదరపు సెంటీమీటరుమీద సుమారొక కిలో బరువు లోపలినుండి మూతను నెట్టుచుండును. 20 సెంటీమీటర్ల వెడల్పుగల మూత వైశాల్యము సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. అనగా మూడు క్వింటాళ్లకు మించిన బలము. నాలుగు ధాన్యపు బస్తాల బరువు ఆ చిన్న మూతను పైకి నెట్టుచుండగా, దాని ప్రక్కనే నిలిచి మన యిల్లాండ్రు పోపు వేయుచున్నారు. ఆ మూత యొక్కసారిగా లేచినచో, 120 డిగ్రీల నీటిలో కొంత భాగము క్షణములో ఆవిరిగా మారును. ఆవిరియైన నీరు తన మునుపటి చోటుకు సుమారు 1,600 రెట్లు చోటు కోరును. ఆ చోటు వంటయింటిలో నిలిచిన మనుష్యుల దేహముల మీదుగానే దొరకవలెను.

ఈ ప్రమాదము క్రొత్తగా కనుగొన్నది కాదు. 1679లో డెనీ పాపె యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లండనులోని రాయల్ సొసైటీ యెదుట ఆవిరి యొత్తిడితో ఎముకలనుగూడ మెత్తపరచు పాత్ర నొకదానిని చూపెను. నేటి కుక్కరునకు అదియే మూలపురుషుడు. మూత బిగించిన పాత్ర ప్రేలునని యాతడు గ్రహించి, ఒత్తిడి హద్దు మీరినపుడు ఆవిరికి త్రోవ విడుచు కవాటమునుగూడ తానే కల్పించెను. ఆవిరిని బంధించినవాడే దానికి విడుదల త్రోవయు చూపవలెనన్నమాట. తయారీదారుని బాధ్యత యేదో యిటీవలి శాసనసభలు మోపిన క్రొత్త భారము కాదు. ఆ పాత్రతోనే పుట్టిన ధర్మము.

నేటి కుక్కరులో ఆ ధర్మము మూడు రూపముల నున్నది. మూతమీద బరువుగల విజిలు మొదటిది. అది యొత్తిడి హద్దు చేరినపుడెల్ల లేచి ఆవిరిని వదలును. విజిలు రంధ్రము మూసికొనిపోయినపుడు అక్కరకు వచ్చు సేఫ్టీవాల్వు రెండవది; అందలి చిన్న లోహపు బిళ్ల వేడిమి హద్దు మీరగానే కరగి త్రోవ విడువవలెను. పాత్రకును మూతకును నడుమనుండు రబ్బరు గాస్కెట్టు, మూతను పట్టియుంచు బందోబస్తు మూడవవి. ఇక గృహిణి సంగతి. ఆ బిళ్ల యే లోహమో, ఏ వేడిమికి కరగునో ఆమె యెరుగునా? అల్యూమినియము రేకు మందము ఎంత యుండవలెను, ఎంత యున్నది యని కొలువగలదా? పోతపోయునపుడు లోపల నిలిచిన సన్నని పగులును కంటితో చూడగలదా? ఆమె కడిగి, తుడిచి, విజిలు రంధ్రమును చూచుకొనగలదు. అంతవరకే ఆమె చేతిలోనిది. మిగిలినదంతయు చేసినవాని చేతిలోనిది. ఎవని చేతిలో జ్ఞానమును అధికారమును ఉన్నవో, వాని తలమీదనే బాధ్యత యుండుట న్యాయము.

ఈ న్యాయము చట్టములోనికి వచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథ చదువరులకు తెలియుట మేలు. 1842లో ఇంగ్లండులో తపాలాబండి తోలువా డొకడు బండి విరిగి గాయపడెను. బండిని మంచిస్థితిలో నుంచుదునని గుత్తకు తీసికొన్నవాడు తపాలాశాఖాధిపతితో ఒడంబడిక చేసికొని యుండెను. "ఒడంబడిక నీతో కాదు, కావున నీకు దావా లేదు" అని న్యాయస్థానము ఆ బండివానిని పంపివేసెను. వస్తువును కొన్నవానికి మాత్రమే అడుగు హక్కు. వాడి దెబ్బతిన్నవానికి లేదు. ఆ కాలపు న్యాయమిది.

1928 ఆగస్టులో స్కాట్లండులోని పేస్లీ పట్టణమున నొక స్త్రీ తన స్నేహితురాలు కొనియిచ్చిన అల్లపు పానీయమును త్రాగెను. సీసా ముదురురంగు గాజుదగుటచే లోపలిది కనబడదు. మిగిలినది వంచునపుడు కుళ్లిన నత్త బయటపడినదనియు, దానిచే తనకు జబ్బు చేసినదనియు ఆమె ఫిర్యాదు. కొన్నది స్నేహితురాలు, త్రాగినది ఆమె, పానీయమును చేసినవానితో వారిలో నెవరికిని ఒడంబడిక లేదు. 1932 మే 26వ తేదీన ప్రభువుల సభ ముగ్గురు న్యాయమూర్తు లొకవైపు, ఇద్దరు మరియొకవైపు నిలువగా ఆమెకు దావా హక్కు గలదని తీర్మానించెను. మన చేష్టవలన హాని పొందగల ప్రతివాడును చట్టదృష్టిలో మనకు పొరుగువాడే యనియు, ఆ పొరుగువానిపట్ల జాగ్రత్త వహించుట మన విధి యనియు లార్డు ఆట్కిన్ అందు సిద్ధాంతీకరించెను. పొరుగువాని మేలు కోరుట మన పెద్దలకు తెలియని ధర్మము కాదు. ఆ తీర్పుతో ఆ ధర్మము కర్మాగారపు గుమ్మమువరకు నడచెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. చేసినవాడు అజాగ్రత్తగా నుండెనని దెబ్బతిన్నవాడే రుజువు చేయవలెను. కర్మాగారములో ఆనాడేమి జరిగినదో బయటివాని కెట్లు తెలియును? 1944లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందునకు వచ్చిన వ్యాజ్యములో నీ చిక్కు తేటపడెను. భోజనశాలలో పనిచేయు స్త్రీ పానీయపు సీసాలను శీతలపేటికలో పెట్టుచుండగా ఒక సీసా ఆమె చేతిలోనే ప్రేలెను. అరచేతి నరములును కండరములును తెగెను. ఇట్టి సీసా జాగ్రత్తగా చేసినచో ప్రేలదు గనుక, ప్రేలుటయే అజాగ్రత్తకు సాక్ష్యమని న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పునిచ్చెను. న్యాయమూర్తి రోజర్ ట్రేనర్ మరియొక అడుగు ముందునకు వేసి, అజాగ్రత్త ఊసే యనవసరమనియు, లోపముగల వస్తువును బజారునకు పంపినవాడు ఆ లోపమువలన గాయమైనచో బాధ్యుడు కావలెననియు వేరుగా వ్రాసెను. ఒకని గాయపు వ్యయము వానిని సర్వనాశనము చేయును. అదే వ్యయమును చేసినవాడు భీమాద్వారా కొన్నవారందరిలో పంచగలడని యాతని తర్కము. నాడు ఒంటరిగా పలికిన ఆ మాట 1963లో అదే న్యాయస్థానపు ఏకగ్రీవ సిద్ధాంతమయ్యెను.

ఇక మన దేశపు సంగతి. 1930 నాటి వస్తువిక్రయచట్టము కొన్నవానికిని అమ్మినవానికిని నడుమ సంబంధమును మాత్రమే చూచెను. 1986 నాటి వినియోగదారుల రక్షణచట్టము మేలైన అడుగు. కొన్నవాని సమ్మతితో వాడువానినిగూడ వినియోగదారునిగా నది గుర్తించెను. కాని గాయమునకు పరిహారము కావలెనన్నచో ఎదుటివాని అజాగ్రత్తవలన నది కలిగెనని చూపవలసి యుండెను. 2019 నాటి క్రొత్త చట్టము ఈ లోటును తీర్చుటకు ఆరవ అధ్యాయమును ప్రత్యేకముగా చేర్చెను. ఆ యధ్యాయము 2020 జూలై 20వ తేదీనుండి అమలులో నున్నది. వస్తులోపమువలని హానికి తయారీదారుడు, విక్రేత, మరమ్మతు మొదలగు సేవ చేసినవాడు ఎప్పుడెప్పుడు బాధ్యులగుదురో 82 మొదలు 87 వరకుగల సెక్షనులు చెప్పుచున్నవి.

తయారీదారుని విషయమున 84వ సెక్షను అయిదు సందర్భములను పేర్కొన్నది. తయారీలో లోపముండుట, రూపకల్పనయే లోపభూయిష్టమగుట, నిర్ణయించిన కొలతలను తప్పుట, ఇచ్చిన హామీకి వస్తువు సరిపడకుండుట, హాని కలుగకుండ వాడు విధానమును, హెచ్చరికను తగినంతగా తెలుపకుండుట. ఈ జాబితాలో "అజాగ్రత్తను రుజువు చేయుము" అను షరతు లేదు. హామీ యిచ్చుటలో తాను అజాగ్రత్తగాని మోసముగాని చేయలేదని చూపినను తయారీదారుడు తప్పించుకొనజాలడని ఆ సెక్షనే చెప్పుచున్నది. హాని యనగా పగిలిన కుక్కరు వెల కాదు. కాలిన దేహము, పోయిన ప్రాణము, గాయముతో వచ్చిన మనోవ్యథ, ఇంటివారు కోల్పోయిన తోడు ఇవన్నియు హానియే.

మన యిండ్లలో కుక్కరు సాధారణముగా ఎట్లు వచ్చును? కూతురు కాపురమునకు పోవునపుడు సారె సామానులతో తండ్రి కొనియిచ్చును. లేదా పెండ్లినాడు బంధువులు చదివింతురు. రసీదు తండ్రిపేరనుండును, కాలునది కూతురి చేయి. పేస్లీలోని స్త్రీ యెదుర్కొన్న చిక్కే యిది. "నీవు కొనలేదు గదా" యని నేడు మన దేశములో నెవడును ఆమెను పంపివేయజాలడు. కొన్నవాని సమ్మతితో వాడు ప్రతి మనిషియు వినియోగదారుడే. ఇంటి వంటమనిషికిని ఈ మాట వర్తించును. ఆమె పేదదనియు, కుక్కరు యజమానిదనియు చెప్పి నాలుగు వందలు చేతిలో పెట్టి పంపుట ధర్మము కాదు.

వర్తక సోదరులు 86వ సెక్షనును శ్రద్ధగా చదువవలెను. చేసినవా డెవడో తెలియని వస్తువును అమ్మినచో, లేదా చేసినవానికి నోటీసు అందజేయుటయే సాధ్యము కానిచో, అమ్మినవాడే బాధ్యుడు. పేరులేని పెట్టెలోనుండి తీసి, రసీదు లేక, తక్కువ ధరకు అంటగట్టు కుక్కరు దుకాణదారుని మెడకే చుట్టుకొను పాము. తాను ఎవనివద్ద కొన్నదియు లెక్క వ్రాసియుంచి, వస్తువును పరీక్షించి, తయారీదారు నిచ్చిన హెచ్చరికను గిరాకీకి అందించుట విక్రేతకు ఆత్మరక్షణయే.

దీనికి తోడు ప్రమాణముల శాసనమొకటి గలదు. 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము గృహకుక్కరుల నాణ్యతా నియంత్రణ ఉత్తరువును జారీచేసెను. 2021 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఐ.ఎస్. 2347 అను భారతీయ ప్రమాణమునకు సరిపడి, ఐ.ఎస్.ఐ. గుర్తు లేని కుక్కరును అమ్ముట, దుకాణములోనైనను అంతర్జాలములోనైనను, నిషిద్ధము. అయినను ఏమి జరిగినది? 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ రెండు పెద్ద అంతర్జాల విక్రయసంస్థలపై ఉత్తరువులు చేసెను. ఒకదాని ద్వారా ప్రమాణము తప్పిన 2,265 కుక్కరులు, మరియొకదాని ద్వారా 598 అమ్ముడుపోయినవని అందు తేలెను. కొన్నవారందరికి తెలియజేసి, పాత్రలను వెనుకకు తీసికొని, వెల తిరిగి యిచ్చి, ఒక్కొక్కరు లక్ష రూపాయల జుల్మానా చెల్లించుడని ఆజ్ఞ. వివాదము ఢిల్లీ హైకోర్టువరకు పోయినది. దాని సంగతి యటుండ, నిషేధము పుట్టిన తరువాతగూడ వేలకొలది పాత్రలు మన వంటయిండ్లలోనికి నడచివచ్చినవన్న సత్యము మనలను మేల్కొలుపవలెను.

చట్టము మంచిదే, మరి బాధితురాలికి న్యాయము దొరకుచున్నదా? న్యాయవాదవృత్తిలో నున్నవారు ఎరిగిన అడ్డంకులు నాలుగు గలవు.

మొదటిది సాక్ష్యము. ప్రమాదము జరిగిన మూడవనాడు ఇంటివారు గోడలు కడిగి, సున్నము వేసి, వంగిన కుక్కరును పాతసామానుల వానికి తూకమున కమ్మివేయుదురు. ఆ పాపిష్ఠి వస్తువు కంటబడరాదని వారి భావము. బాధ సహజమే, కాని ఆ పాత్రయే వారి ప్రధాన సాక్షి. లోపమును పరీక్షతోగాని నిర్ణయింప వీలుకానపుడు జిల్లా కమిషను వస్తువును సీలుచేసి పరిశోధనశాలకు పంపును. పంపుటకు పాత్రయే లేనిచో కమిషను ఏమి చేయగలదు? పైగా పరీక్షరుసుమును ఫిర్యాదుదారునే చెల్లించుమని కోరుటకు చట్టము వీలిచ్చుచున్నది. కాలినదేహముతో ఆసుపత్రి ఖర్చులలో మునిగిన కుటుంబమునకు ఇది భారము. ఆ రుసుమును తొలుత ప్రభుత్వనిధినుండి చెల్లించి, లోపము తేలినచో తయారీదారునినుండి రాబట్టుట న్యాయము.

రెండవది "దుర్వినియోగ"మను కవచము. హాని జరిగిన సమయమున వస్తువును దుర్వినియోగపరచినను, మార్చినను విక్రేతపై వ్యాజ్యము చెల్లదని 87వ సెక్షను చెప్పుచున్నది. సూత్రము సమంజసమే. కాని యాచరణలో ప్రతి కంపెనీ వకీలు తీయు మొదటి బాణ మిదియే: "పప్పు ఎక్కువ పోసినది, గాస్కెట్టు మార్చలేదు, రంధ్రము శుభ్రపరచలేదు." దుర్వినియోగమని పలికినవాడే దానిని రుజువు చేయవలెను, ఒక సంగతిని ఆధారము చేసికొనువానిపైననే దాని రుజువుభారము నిలుచుట సాక్ష్యధర్మములో సామాన్య సూత్రము. అదియుగాక, పప్పు నురుగు లేచి రంధ్రమును మూయుట ఏనాడో జరుగు వింత కాదు. ఈ దేశములో కుక్కరు చేయువాడు ఇందులో కందిపప్పు ఉడుకునని యెరుగడా? ఎరిగియుండియు, విజిలు మూసికొన్నపుడు కాపాడవలసిన సేఫ్టీవాల్వు పనిచేయనిచో, అది గృహిణి తప్పెట్లగును? ఆ రెండవ కాపు పెట్టుటకు కారణమే మొదటి కాపు తప్పగలదని కదా! మనుష్యసహజమైన పొరపాటును ముందుగా నూహించి తట్టుకొనునట్లు చేయుటయే రూపకల్పన. కమిషనులు ఈ దృష్టితో ఆ సెక్షనును చదువవలెనని నా మనవి.

మూడవది భాష. తగిన సూచనలు లేకుండుట లోపమేయని చట్టము. పెట్టెలోని కరపత్రము ఇంగ్లీషున, హిందీన నుండి, తెలుగు మాత్రమే చదువగల యిల్లాలి చేతిలో పడినచో, ఆమెకు సూచన అందినదని యెట్లందుము? బొబ్బిలిలోను, భువనగిరిలోను సరకు నమ్మి తెలుగురూపాయి తీసికొనువాడు నాలుగు హెచ్చరికలను తెలుగున ముద్రింపజాలడా? ప్రచారపు బొమ్మలకు మన భాష పనికివచ్చును, ప్రాణరక్షణకు పనికిరాదా? మన రెండు రాష్ట్రముల ప్రభుత్వములును ఈ విషయమును కేంద్రము దృష్టికి తేవలెను. అంతవరకు, తెలుగున సూచనలు లేకుండుట "తగినంత"గా లేకుండుటయేయని మన వకీళ్లు ప్రతి వ్యాజ్యములో వాదింపవలెను.

నాలుగవది చట్టములోని సందు. ఫిర్యాదుదారుడు వినియోగదారుడై యుండవలెను. అనగా కొన్నవాడో, వాని సమ్మతితో వాడినవాడో. పేరంటమునకు వచ్చి వంటయింటి గడపలో నిలిచిన పొరుగింటి యామెపై ఆవిరి పడినచో? ఆమె కొననులేదు, వాడనులేదు. సామాన్య సివిలు న్యాయస్థానమున దావా వేయు హక్కు ఆమెకు గలదు. ఆ త్రోవను ఈ చట్టము మూయలేదు. కాని అది దీర్ఘమైన త్రోవ; ఖర్చుల త్రోవ. ఏ న్యాయసూత్రమునకు "పొరుగువాడు" అను మాటయే పునాదియో, ఆ సూత్రపు శాసనములో పొరుగువానికే చోటు సందేహముగా నుండుట విచిత్రము. "హాని పొందిన ప్రతి వ్యక్తి" యని సవరణ చేయుట పార్లమెంటు కర్తవ్యము.

ఈ వాదమునకు ఎదురుమాటలు లేకపోలేదు. ఇట్టి బాధ్యత మోపినచో వస్తువు ప్రియమగునని కొందరందురు. లక్ష కుక్కరులు చేయు కర్మాగారమును ఊహింతము. ఒక్కొక్కదానిపై పదిరూపాయలు ప్రక్కకు తీసినచో పదిలక్షలగును. ఆ పదిరూపాయలు కొన్నవానికి ఒకపూట కాఫీ ఖర్చు. ఆ పదిలక్షలు కాలిన కుటుంబములకు చికిత్స. నేడుగూడ ఆ వ్యయమును ఎవరో యొకరు భరించుచునే యున్నారు. లోపముగల సరకు చౌకగా వచ్చుచున్నదనగా, దాని మిగిలిన వెలను ఆసుపత్రి మంచముమీద నెవతెయో చెల్లించుచున్నదని యర్థము. బాధ్యత వ్యయమును సృష్టింపదు. దానిని చేరవలసిన చోటికి చేర్చును.

చిన్న కర్మాగారములు నశించునని మరికొందరి భయము. స్వదేశపరిశ్రమ వర్ధిల్లవలెనని కోరుటలో నేనెవ్వరికిని తీసిపోను. కాని స్వదేశివస్తువనగా మనవారు చేసినదని మాత్రమే కాదు, మనవారికి హాని చేయనిదనిగూడ అర్థము. దేశాభిమానముతో కొన్నవాని నమ్మకమును కాల్చు సరకు పరదేశి సరకుకంటె ఎక్కువ ద్రోహము చేయును. ఏలననగా అది పాత్రతోపాటు విశ్వాసమునుగూడ ప్రేల్చును. నిజాయితీతో రేకుమందము తగ్గింపక, వాల్వును పరీక్షించి పంపు చిన్న తయారీదారునికి ఈ చట్టము శత్రువు కాదు. వానిని పోటీలో దెబ్బతీయు కల్తీదారునికే శత్రువు. ప్రమాణమునకు సరిపడు ఖర్చు చిన్నవానికి భారమన్నచో, పరీక్షశాలలను దగ్గరకు తెచ్చి రుసుము తగ్గించుట ప్రభుత్వము చేయదగిన సహాయము. ఆ సహాయమును ఇల్లాలి చర్మమునుండి తీసి యిచ్చుట ఎవరికిని తగదు.

ఇక మనము చేయవలసినది. కొనునపుడు ఐ.ఎస్.ఐ. గుర్తును, దానితో ముద్రించిన లైసెన్సు సంఖ్యను చూడవలెను. ఆ సంఖ్య నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అను ఫోనుసాధనములో సరిచూచుకొనవచ్చును. రసీదు తప్పక తీసికొనవలెను; పెండ్లికానుకగా నిచ్చునపుడు రసీదునుగూడ కానుకతో నీయవలెను. గాస్కెట్టు, సేఫ్టీవాల్వు మార్చునపుడు సంతలో దొరకు పేరులేని దానిని వాడరాదు. ప్రమాదము సంభవించినచో, చికిత్సకు పంపిన పిదప, పాత్రను, మూతను, విజిలును, గాస్కెట్టును కడుగక, తుడువక మూటగట్టి భద్రపరచవలెను. వంటయింటిని ఛాయాచిత్రములు తీయవలెను. ఆసుపత్రి కాగితములలో గాయమెట్లు కలిగినదో వ్రాయించుకొనవలెను. కారణము పుట్టిన దినమునుండి రెండేండ్లలో ఫిర్యాదు చేయవలెను. తాను నివసించు జిల్లాలోని కమిషనులోనే చేయవచ్చును. కంపెనీ యున్న బొంబాయికో ఢిల్లీకో పోనక్కరలేదు. వస్తువునకు చెల్లించిన వెల అయిదులక్షలు దాటనిచో రుసుము లేదు. ఏ కుక్కరు వెలయు దానిని దాటదు. సలహాకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

పఠనమందిరములకు నాదొక విన్నపము. పత్రికను చదివి మడిచిపెట్టుటతో మన పని తీరదు. పై నాలుగు మాటలను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు తగిలింపుడు. ఊరిలో నిట్టి ప్రమాదము జరిగెనని విన్ననాడు, పరామర్శకు పోయినవారిలో నొకరైనను "పాత్రను దాచియుంచితిరా?" యని యడుగుడు. ఫిర్యాదు వ్రాయుటకు చేతకానివారికి వ్రాసిపెట్టుడు. ఊరి వకీళ్లు ఇట్టి వ్యాజ్యములను రుసుము కోరక చేపట్టుట వృత్తికి వన్నె తెచ్చును. చట్టము దానంతట అది నడచిరాదు. దానిని చేయిపట్టి బాధితురాలి గుమ్మమునకు తీసికొనిపోవువారు కావలెను.

దైవికముగా సంభవించు ఆపదలు ఉన్నవి. వానికి మనము తలవంతుము. కాని రేకుమందము తగ్గించుటయు, నకిలీ బిళ్లను వాల్వులో బిగించుటయు, గుర్తులేని సరకును పెట్టెలకొలది పంపుటయు దైవము చేయు పనులు కావు. అవి పేరు, చిరునామా, లాభపులెక్కగల మనుష్యులు చేయు పనులు. మనుష్యులు చేసినదానికి మనుష్యులే సమాధానము చెప్పవలెను. కాలినచేతిని చూచి "కర్మము" అని నిట్టూర్చు అలవాటును మానిననాడే, ఆ కర్మకు కర్త యెవడో మనకు కనబడును.